బూడిద ఎవరు తీస్తారు?

చలికాలం వస్తే నా కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు సున్నం పూసినట్టు తెల్లబడతాయి. కాసేపటికి మొద్దుబారిపోతాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా అవస్థే. 2016 జనవరిలో డాక్టరమ్మ ఆ వేళ్లు నొక్కి చూసి, "ఏం పని చేస్తారు? రోడ్లు తవ్వే మెషిన్ల మీదా?" అని అడిగింది. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమని చెప్తే నమ్మలేదు. గంటల తరబడి అదిరే పనిముట్లు పట్టుకునేవాళ్లకే ఈ జబ్బు వస్తుందంట. అప్పుడు ఒప్పుకున్నాను. తొమ్మిదేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం ఒక బొగ్గింజను తుప్పు గీకుతున్నానని.

ఆ తొమ్మిదేళ్ల సంగతే ఇది. ఘనకార్యం చేశానని చెప్పుకోవడానికి రాయడం లేదు. మధ్యలో నా చేతులారా జరిగిన తప్పు ఒకటుంది. అది చెప్పకుండా మిగతాది చెప్పడం అన్యాయం.

మాది నెల్లూరు జిల్లా బిట్రగుంట. ఆవిరి రోజుల్లో విజయవాడ, మద్రాసుల మధ్య బిట్రగుంట అంటే ఇంజన్ల ఊరు. మా నాయన అక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్. రాత్రి ఏ రెండింటికో కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. నాయన లేచి, క్యారేజీ పట్టుకుని, చీకట్లో వెళ్లిపోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు కళ్లూ పళ్లూ తప్ప మనిషంతా నలుపే. ఆయన చొక్కాని అమ్మ వేరే బట్టలతో కలిపి నానబెట్టేది కాదు. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు మినప్పప్పు చల్లినట్టుండేవి. "నువ్వు పార పట్టుకోబాక అబ్బయా" అనేవాడు. నేను పట్టుకోలేదు. చదువుకుని, 2003లో మాంచెస్టర్ చేరి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నాను.

2006 వేసవిలో మా అమ్మాయికి ఆరేళ్లు. ఊరికి గంట దూరంలో పాత ఆవిరి రైలు నడుపుతారని విని తీసుకెళ్లాను. ఇంగ్లండులో ఇలాంటి లైన్లు చాలా ఉన్నాయి. ఎక్కువగా జీతం తీసుకోని మామూలు జనమే వాటిని నడుపుతారు. ఈ అలవాటుకి మొదలు వేల్స్‌లోని టలిలిన్ రైల్వే. మూతపడబోతున్న ఆ బుల్లి లైనుని టామ్ రోల్ట్ అనే రచయిత, ఆయన స్నేహితులు 1951లో చేతుల్లోకి తీసుకుని సొంతంగా నడిపారు.

స్టేషన్లో ఇంజను నా ముందుకొచ్చి ఆగింది. వేడి నూనె, తడి బూడిద, బొగ్గు పొగ కలిసిన వాసన. అది నాయన చొక్కా వాసన. అమ్మాయి చెయ్యి పట్టి లాగుతూనే ఉంది, నాకు కాళ్లు కదల్లేదు.

తిరిగి వెళ్లేటప్పుడు పక్క లైన్లో ముళ్లపొదల మధ్య ఇంకో ఇంజను చూశాను. ఇంజను అనకూడదు, ఎముకల గూడు. చక్రాలు, చట్రం, వాటి మీద తుప్పట్టిన బాయిలరు. దానికో అట్ట కట్టి ఉంది. పనిచేసే మనుషులు కావాలి, అనుభవం అక్కర్లేదు అని. 2007 జనవరిలో ఒక ఆదివారం పొద్దున పాత ప్యాంటు వేసుకుని వెళ్లాను.

ఆ ఇంజను కథ కొంచెం చెప్పాలి. అది 'బ్లాక్ ఫైవ్' రకం. విలియం స్టానియర్ గీసిన నమూనా, 1934 నుంచి 1951 దాకా 842 కట్టారు. ఎక్స్‌ప్రెస్‌కైనా గూడ్సుకైనా కాదనకుండా తగిలించగలిగిన బండి. ఈ స్టానియర్‌కి మన దేశంతోనూ పనిపడింది. బీహారులో బిహ్టా దగ్గర 1937లో ఘోరమైన రైలు ప్రమాదం జరిగాక, ఎక్స్‌బీ రకం ఇంజన్ల లోపమేంటో తేల్చడానికి వేసిన కమిటీలో ఆయనొక సభ్యుడు.

1968 ఆగస్టుతో బ్రిటిష్ రైల్వే మెయిన్ లైన్ల మీద ఆవిరి ఆగిపోయింది. ఇంజన్లు దాదాపు అన్నీ పాత ఇనుముకి పోయాయి. వేల్స్‌లో బ్యారీ రేవు దగ్గర డై వుడమ్ అనే ఇనుప వ్యాపారి మాత్రం, కొన్న ఇంజన్లలో చాలావాటిని వెంటనే ముక్కలు చెయ్యలేదు. వ్యాగన్లు నరకడం తేలిక గనక ముందు వాటిని నరికిస్తూ, ఇంజన్లని తర్వాత చూద్దామని పక్కన పెట్టాడు. ఆ 'తర్వాత' ఇరవై ఏళ్లు సాగింది. ఆయన కొన్న 297 ఇంజన్లలో 213 ప్రాణాలతో బయటపడ్డాయి. చివరిది 1990 జనవరిలో బయటికొచ్చింది. జనం చందాలేసుకుని ఒక్కొక్కటీ కొనుక్కెళ్లారు. మాదీ వాటిలో ఒకటి.

ప్రాణాలతో అన్నానే గానీ అది పేరుకే. సముద్రపు ఉప్పుగాలి ఏళ్ల తరబడి తిన్నది. ఇత్తడి, రాగి సామానులో ఊడొచ్చినదల్లా ఎవరో ఊడదీసుకుపోయారు. బొగ్గు, నీళ్లు మోసే టెండరు లేదు. బ్యారీలో చాలా టెండర్లని ఉక్కు ఫ్యాక్టరీలకి అమ్మేశారు, వాళ్లకి చక్రాలున్న చట్రాలు కావాలని.

మొదటి రెండేళ్లు నేను చేసింది ఒక్కటే పని, తుప్పు రాల్చడం. నీడిల్ గన్ అని ఉంటుంది. గాలి ఒత్తిడితో ఉక్కు సూదుల కట్ట దడదడా కొట్టుకుంటుంది. దాన్ని ఇనుముకి ఆనించి పట్టుకోవాలి. సాయంత్రానికి చేతులు ఇంకా అదురుతున్నట్టే ఉండేది. సోమవారం ఆఫీసులో మౌసు పట్టుకుంటే అది కూడా అదిరేది. షెడ్డుకి ఒక పక్క గోడ లేదు. జనవరిలో స్పానరు పట్టుకుంటే చర్మం అతుక్కుపోయేంత చలి. బాయిలరు చుట్టూ ఒకప్పుడు చుట్టిన ఆస్‌బెస్టాస్ తీయించడానికి లైసెన్సున్నవాళ్లని పిలిస్తే, ఆ ఏడు పోగుచేసిన చందాలో ఎక్కువ భాగం వాళ్లకే పోయింది. అలా పోతుందని మాకెవరికీ తెలీదు.

తర్వాత క్రేనుతో బాయిలరుని చట్రం మీంచి లేపి కింద దించారు. లోపలి గొట్టాలన్నీ కోసి తీశారు. మాలో సన్నటివాణ్ని నేనే గనక, డోము కంతలోంచి బాయిలరు లోపలికి దిగి పెచ్చులు గీకే పని నాకు పడింది. ఒకసారి పైకి రాబోతే, ఓవరాల్ చంక దగ్గర దేనికో తగులుకుంది. చేతులు పైకి, తల కంతలో. కిందికీ పోలేను, పైకీ రాలేను. ఊపిరి తీస్తే ఛాతీ అంచుకి బిగుసుకుంటోంది. అరవడానికి గాలి చాల్లేదు. బయట కాపలా ఉన్న పెద్దాయన మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. పదిహేనో ఏట రైల్వే షెడ్డులో చేరి ఫిట్టరుగా రిటైరైన మనిషి. "ఊపిరి వదులు, లాడ్. తీసుకోకు, వదులు" అని, అక్కడి పెద్దవాళ్లు కుర్రాళ్లని పిలిచే పిలుపుతో అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు. అప్పటికి నాకు నలభై. గాలంతా వదిలాక ఆయన కత్తెరతో చంక దగ్గర గుడ్డ కోసి నన్ను బయటికి లాగాడు. గడియారం చూస్తే ఇరవై నిమిషాలు. ఆ తర్వాత వారం రోజులు లైటు ఆర్పి పడుకోలేకపోయాను.

నాయనకి ఇవేవీ చెప్పలేదు. ఇంజను బాగుచేస్తున్నామని మాత్రం ఫోనులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "జీతమెంతిస్తారు?" అన్నాడు.

"జీతం లేదు నాయనా. మేమే డబ్బులు వేసుకుంటాం."

"మీకు మతుండాదా?" అని ఫోను అమ్మకిచ్చేశాడు.

ఆ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. డ్రైవర్లు, ఫైర్‌మన్లు అడిగిన వాటిలో ఎనిమిది గంటల డ్యూటీ ఒకటి. అప్పట్లో ఒకసారి ఇంజనెక్కితే ఎప్పుడు దిగుతారో ఎవరికీ తెలీదు. సమ్మె ఇరవై రోజులు సాగింది. దేశంలో వేలమందిని జైల్లో పెట్టారు, ఎన్నో కుటుంబాలని క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. ఆ వెళ్లగొట్టిన వాళ్లలో మేమూ ఉన్నాం. నాకు నాలుగేళ్లు. గిన్నెలు దుప్పట్లో మూటకట్టి, కావలిలో అమ్మమ్మ ఇంటికి ఎండలో నడిపించానని అమ్మ చెప్పేది. నాకు గుర్తున్నది మూటలోంచి గరిటె చప్పుడొక్కటే. ఏ పని తగ్గించమని అడిగి నాయన రోడ్డున పడ్డాడో, ఆ పనినే నేను సెలవు రోజున వెతుక్కుంటూ వెళ్తున్నాను.

ఇక నా తప్పు.

ఇంజను పొయ్యిని ఫైర్‌బాక్స్ అంటారు. నిప్పుండే పెట్టె లోపల, దాని చుట్టూ బయటి పెట్టె, రెండిటి మధ్య బెత్తెడు సందులో నీళ్లు. ఆవిరి ఒత్తిడికి ఈ రెండు పెట్టెలూ ఉబ్బి విడిపోకుండా వాటిని కలిపి పట్టుకునేవి స్టేలు, వేలి లావు కడ్డీలు. అవి వందల్లో ఉంటాయి. ఒకటి తెగితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది. అదీ తెగితే ఆ పక్కదాని మీద. పట్టించుకోకపోతే ఒకరోజు ఫైర్‌బాక్స్ పగులుతుంది, ఇంజను మీదున్నవాళ్లు బతకరు.

స్టే తెగిందో లేదో బయటికి కనపడదు. చిన్న సుత్తితో తట్టి వినాలి. మంచిదైతే ఖంగుమంటుంది. తెగినదైతే పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. పెద్దాయన ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని నాకీ చప్పుడు నేర్పాడు. తర్వాత పాత స్టేలలో ఏవి ఉంచాలో, ఏవి మార్చాలో చూసే పని నాకు అప్పజెప్పాడు. బాగున్న వాటి మీద సుద్దముక్కతో టిక్కు పెట్టాలి.

2012 నవంబరులో ఒక సాయంత్రం. పై మూలల వరసలు మిగిలాయి. వేడికి రేకులు ఎక్కువ కదిలేది అక్కడే, స్టేలు ఎక్కువగా తెగేదీ అక్కడే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. పక్కనే ఇంకొకరు నీడిల్ గన్ ఆడిస్తున్నారు. నేను చెవులకి మఫ్లు పెట్టుకుని ఉన్నాను. గన్ ఆపమని అడగొచ్చు, లేదా వచ్చే ఆదివారం చూసుకోవచ్చు. కానీ ఇంటికి ఆరింటికల్లా వస్తానని మాటిచ్చాను. చప్పుడు వినపడకపోయినా సుత్తి ఎగిరే తీరుని బట్టి తెలుస్తుందిలే అనుకున్నాను. వరసంతా తట్టుకుంటూ పోయాను. టిక్కులు పెట్టేశాను.

2013 సెప్టెంబరులో నీళ్ల పరీక్ష. బాయిలరు నిండా నీళ్లు పోసి, పంపుతో ఒత్తిడి ఎక్కించి చూస్తారు. నీళ్లతోనే ఎందుకంటే, నీళ్లయితే పగిలినా కారి ఊరుకుంటాయి, ఆవిరైతే పేలుతుంది. మా ఇంజను పని ఒత్తిడి చదరపు అంగుళానికి 225 పౌండ్లు. పరీక్షలో దాన్ని మించి ఎక్కించాలి. ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ముల్లు 200 దాటాక వణికింది, తర్వాత మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది. ఫైర్‌బాక్స్‌లోకి లైటు వేసి చూశాం. పై మూలలో రాగి రేకు మీద చెమట పట్టినట్టు నీళ్లు. పెద్దాయన లోపలికి దూరి సుత్తితో తట్టాడు. మొద్దు చప్పుడు. పక్కది తట్టాడు. అదీ మొద్దే. ఒక్కొక్కదాని మీదా నా సుద్ద టిక్కు ఉంది. పదకొండు లెక్కపెట్టాను.

ఆ సాయంత్రం టీ గదిలో అందరి ముందు లేచి జరిగింది చెప్పాను. చెవులకి మఫ్లున్న సంగతితో సహా. ఒక్కరూ అరవలేదు. అరిచుంటే బాగుండేది. కప్పులు కడుక్కుని వెళ్లిపోయారు. రిటైర్మెంట్ డబ్బులో పెద్ద భాగం ఆ ఇంజనుకిచ్చిన ఒకాయన ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. కొత్తగా వేసిన గొట్టాలు కొన్ని మళ్లీ తీయాలి, ఆ మూల స్టేలు తొలిచి, మర వేసి, కొత్తవి బిగించాలి. అంటే ఇంకో రెండు చలికాలాలు, ఇంకో విడత చందాలు. ఆ డిసెంబరులో ఇండియా వెళ్లడానికి దాచిన డబ్బు ఇంట్లో చెప్పకుండా ఇచ్చేశాను. బ్యాంకు కాగితం చూసి మా ఆవిడ ఒక్కటే మాట అడిగింది. "మీ నాయన పార పట్టింది మిమ్మల్ని పోషించడానికి. మీరు పడే ఈ పాటు ఎవరి కోసం?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ సరైనది లేదు.

మూడు ఆదివారాలు షెడ్డుకి వెళ్లలేదు. నాలుగో ఆదివారం పెద్దాయన ఫోను చేశాడు. వెళ్తే ఓదార్పు ఏమీ చెప్పలేదు. సుత్తి చేతికిచ్చి, "మొదటి వరస నుంచి. అన్నీ" అన్నాడు. పొద్దున్నే అందరికంటే రెండు గంటల ముందు వెళ్లేవాణ్ని, కంప్రెసరు ఆన్ చెయ్యకముందే. ఈసారి సుద్ద కాదు, పుస్తకం. ప్రతి స్టేకీ వరస నంబరు, స్థానం నంబరు, విన్న చప్పుడు. ఎన్ని వందలో అన్నీ తట్టాను. ఇంకో ఐదు దొరికాయి. వాటి మీద కూడా టిక్కు పెట్టింది నేనే.

ఆ రోజుల్లోనే నాయనకి మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. "మా షెడ్డులో బాయిలర్‌మేకరు పొయ్యిలో దూరి తట్టేటప్పుడు మేం పక్కన బీడీ కూడా ఎలిగించే వాళ్లం కాదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడికి కూడా కోప్పడేవోడు" అన్నాడు. ఆగి, "నీకు ఆ చప్పుడు నేర్పినోడు ఉండాడు గదా. ఆయన చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. ఇంజను గురించి నాయన నాతో నాలుగు మాటలు మాట్లాడింది అదే మొదటిసారి.

2015 అక్టోబరులో నీళ్ల పరీక్ష నెగ్గింది. ముల్లు కదలకుండా నిలబడినంతసేపూ ఆ ముల్లు వైపు నేను చూడలేదు. నేల చూస్తూ నిలబడ్డాను. ఆ చలికాలమే వేళ్లు తెల్లబడ్డాయి, డాక్టరమ్మ ఇక ఆ పనిముట్లు ముట్టుకోవద్దంది.

2016 జూన్‌లో మొదటిసారి నిప్పు పెట్టాం. ఇంతకాలం చల్లగా ఉన్న బాయిలరుని ఒక్కసారి వేడెక్కించకూడదు. మొదటి రోజు చిన్న మంట, రెండో రోజు ఇంకొంచెం. అమ్మా నాయనా ఆ నెల మా ఇంట్లోనే ఉన్నారు. నాయనకి డెబ్బై అయిదు. వేసవైనా మంకీ టోపీ, స్వెట్టరు వేసుకుని షెడ్డుకొచ్చాడు. ఇంజను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. చెయ్యి వేసి ముట్టుకోలేదు. డ్రైవరు నిలబడే ఫుట్‌ప్లేటు మీదికి ఎక్కిస్తే, తలుపు తీసిన పొయ్యిలోకి వంగి చూసి, "మా డబ్ల్యూజీ ఇంజను పొయ్యి ముందు ఇది పిల్లపొయ్యి" అన్నాడు.

పార పట్టుకున్నది ఇరవై రెండేళ్ల కుర్రాడు, వాడూ మాలాగే జీతం లేని మనిషి. నాయన కాసేపు చూసి, నా భుజం తట్టి, "ఎనక మూలలు ఖాళీగా ఉండాయి. నడిమధ్య కుప్ప పోస్తా ఉండాడు" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే కుర్రాడికి ఆయన వేలు చూపించిన చోటు అర్థమైంది. రెండు మూలల్లోకి నాలుగేసి పారలు విసిరాడు. పొగగొట్టంలో నల్లపొగ పలచబడి బూడిదరంగుకి దిగింది. ముల్లు ఎక్కడం మొదలైంది. పారని కుర్రాడు ఆయన వైపు చాపాడు. నాయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

ఇంజను షెడ్డు దాటి, మళ్లీ వెనక్కి వచ్చింది. మొత్తం మూడు వందల గజాలు ఉంటుందేమో. అందరూ చప్పట్లు కొట్టారు, పెద్దాయన ఎవరికీ కనపడకుండా టీ గదిలోకి వెళ్లిపోయాడు. ఫోటోలయ్యాక నాయన అడిగాడు.

"నిప్పు దించినాక బూడిద ఎవురు తీస్తారు?"

"మేమే నాయనా. ఈరోజు నా వంతు."

ఆయన కాలంలో ఆ పని షెడ్డు ఖలాసీలది. ఇంజన్ల దగ్గర అందరికంటే తక్కువ జీతం వాళ్లదే. గుంటలోకి దిగి, తల పైన ఇంజను అడుగుభాగం ఉండగా, ఇనుప పలుగుతో వేడి బూడిద కిందికి లాగాలి. గాలి మారితే అదంతా మొహం మీదికే. మా ఆవిడకి ఫోను చేసి నాయనని ఇంటికి తీసుకెళ్లమందామనుకున్నాను, గంటన్నర పట్టే పని. ఆయన కదల్లేదు. పాత స్లీపర్ల దొంతర మీద కూర్చున్నాడు. పక్కన అమ్మ కట్టిచ్చిన క్యారేజీ, నీళ్ల సీసా. నేను గుంటలో ఉన్నంతసేపూ అలాగే ఉన్నాడు. క్యారేజీ మూత తియ్యలేదు.

పైకి వచ్చి చేతులు దులుపుకుంటుంటే లేచి వచ్చాడు. సీసా మూత తీసి నా చేతుల మీద నీళ్లు పోశాడు. నేను రుద్దుకుంటున్నాను, నల్లనీళ్లు కారుతున్నాయి. సీసా ఖాళీ అయ్యేదాకా పోసి, నా వేళ్లు పట్టుకుని వెలుగులో చూశాడు.

"గోళ్లలోది పోదు అబ్బయా. రెండు దినాలు పడుద్ది" అన్నాడు.